వేసవి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ప్రభుత్వం డబ్బులిస్తుందా? రిపోర్టు కొనుక్కుంటే సరిపోదా?

నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పులివెందుల పక్క పల్లె, బీఎస్సీ కెమిస్ట్రీ, మొదటి ఏడాది పరీక్షలు అయిపోయినాయి. ఈ ఎండాకాలంలో 180 గంటలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్‌పీ) చెయ్యమన్నారు. దీనికి గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా, మొన్న చేసిన ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపును ఇందులో కలుపుకోవచ్చా, క్లాసులో సగంమంది జిరాక్సు షాపులో రిపోర్టు కొంటున్నారు కదా నేనూ కొంటే ఏమవుతుంది అని అడిగినావు. చీనీ (బత్తాయి) తోటలో నాన్న ఒక్కడే ఉన్నాడు, ఇంటిపని వదిలి ఊరిపని ఎట్లా చేసేదని కూడా.

జవాబులు ముందే చెప్పేస్తా. డబ్బులు రావు. క్యాంపు గంటలు కలవవు. రిపోర్టు కొనొద్దు. తోటపని మానకుండానే 180 గంటలు పూర్తిచెయ్యొచ్చు, దానికి దారి ఉంది.

నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. నాలుగేళ్లు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరుగా చేసినా. సీఎస్‌పీ వచ్చినాక మెంటరుగా, అంటే పిల్లల ప్రాజెక్టు చూసుకునే లెక్చరరుగా, మూడు బ్యాచులు చూసినా, వైవా (నోటిపరీక్ష) కమిటీలో కూడా కూర్చున్నా. మా పిల్లలతో మాట్లాడినట్టే నువ్వు అంటున్నా, ఏమనుకోవద్దు.

మొదట డబ్బు సంగతి. ఎండాకాలంలో ఊరికి పనిచేసే పథకాలు అన్నీ పిల్లల నోట్లో ఒకే ముద్దగా కలిసిపోయి ఉంటాయి. విడదీసి చూడాల.

సీఎస్‌పీ అనేది చదువులో భాగం. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి పెట్టింది. 4 క్రెడిట్లు. ప్రాక్టికల్స్‌కు ఎవరూ కూలి ఇయ్యరు కదా, ఇదీ అంతే. బస్సు చార్జీ కూడా నీదే. అందుకే నీ ఇంటికి దగ్గరున్న పల్లెలోనో వార్డులోనో చేసుకొని పొద్దుగూకేలోపల ఇల్లు చేరమని మార్గదర్శకాల్లోనే రాసినారు. నువ్వు పల్లెలోనే ఉన్నావు కాబట్టి ఖర్చు ఒక లాంగ్ నోట్‌బుక్కు, రెండు పెన్నులు.

ఎన్ఎస్ఎస్‌కు కేంద్రం డబ్బులిస్తుంది. 2016 నుంచి పూర్తిగా కేంద్రానిదే ఖర్చు. కానీ ఆ డబ్బు వలంటీరు చేతికి రాదు. ఏడురోజుల క్యాంపులో మీరు తిన్న ఉప్మా, సాంబారు అన్నం, షామియానా బాడుగ, ఆ లెక్కలో పోతుంది. నేను ఆఫీసరుగా ఉన్నప్పుడు ఆ లెక్కలు రాసి రాసి గ్యాసు సిలిండరు ధర, కందిపప్పు ధర మా ఇంట్లోవాళ్లకన్నా నాకే బాగా తెలిసేవి.

2018లో స్వచ్ఛ భారత్ సమ్మర్ ఇంటర్న్‌షిప్ అని ఒకటొచ్చింది. మే 1 నుంచి జులై 31 లోపల పల్లెలో 100 గంటలు పనిచెయ్యాల. కూలి కాదు, బహుమతులు. జాతీయ స్థాయిలో మొదటిది 2 లక్షలు. 2019లో 100 గంటలను 50 చేసినారు. మా కాలేజీనుంచి పోయిన పిల్లలకు బహుమతి ఏమీ రాలేదుగానీ సర్టిఫికెట్ వచ్చింది. యూట్యూబులో ఆ పాత వీడియోలు చూసి ‘సార్, గవర్నమెంటు 2 లక్షలిస్తుందంట’ అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నువ్వు విన్నది కూడా అదే అయ్యుంటుంది.

చేతికి నిజంగా కూలి వచ్చేది ఒక్కటే. మన పక్క ‘కరువు పని’ అంటాం చూడు, ఆ ఉపాధి హామీ పని. అది మొదలైందే మన సీమలో. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించినాడు. నీకు 18 నిండి, మీ ఇంటి జాబ్ కార్డులో నీ పేరుంటే, కాలేజీ పిల్లోడివైనా పోవచ్చు. 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. అయితే అది కొలత ప్రకారం ఇచ్చేది, హాజరు వేయించుకుంటే ఇచ్చేది కాదు. గట్టినేల తవ్వితే ఒకరకం, మెత్తనేల తవ్వితే ఒకరకం. గుంపులో అందరూ కలిసి తవ్విన మన్ను కొలిచి పంచుతారు. నువ్వు నీడలో కూర్చుంటే నీ పక్కనున్న పెద్దమ్మ కూలి తగ్గుతుంది, ఆమె నిన్ను ఊరికే వదలదు. పనిరోజులు కూడా మనిషికి కాదు, ఇంటికి లెక్క. మీ అమ్మ పోతాంటే ఆ రోజుల్లోనే నువ్వూ తింటావు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం తీసేసి కొత్తది తెచ్చింది, ఏడాదికి 100 పనిరోజులను 125 అన్నారు. మీ పంచాయతీలో ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తా ఉందో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటునే అడుగు.

ఒక మాట గుర్తుపెట్టుకో. కరువు పనికి పోయి ఆ గంటలను సీఎస్‌పీ లాగ్‌బుక్కులో రాసుకున్న పిల్లోడు ఒకడు నా దగ్గరికే వచ్చినాడు. మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న రోజు, సర్వేలో ఉన్న రోజు ఒకటే! కూలి తీసుకున్న పని సేవ కిందికి రాదు. ఉతికి ఆరేసినా, పాపం పేదపిల్లోడు అని ఆ గంటలు కొట్టేసి ఇంకో రెండువారాలు టైమిచ్చినా.

ఎన్ఎస్ఎస్ ఎందుకు కలవదు? సీఎస్‌పీ ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, రెడ్ రిబ్బన్ క్లబ్ లాంటి కార్యక్రమాలకు వేరుగా ఉండాలని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. నీ క్యాంపు వృథా ఏమీ కాదు. ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్‌కు రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడురోజుల స్పెషల్ క్యాంపు కావాల. క్యాంపు అయిపోయింది కాబట్టి ఆ గంటలు చూసుకో. రెండు కుండలు, రెండు లెక్కలు.

ఇంక జిరాక్సు షాపు సంగతి.

రిపోర్టు కొంటే ఏమవుతుందంటే, చాలాసార్లు ఏమీ కాదు. అబద్ధం చెప్పి నిన్ను భయపెట్టను. మెంటరుకు ఓపిక లేక సంతకం పెట్టేస్తే పాసైపోతావు. కానీ వైవాలో నేను కూర్చున్నప్పుడు ఏమయిందో చెప్తా. ఒకేరోజు ముగ్గురు పిల్లలు మూడు వేర్వేరు మండలాల పేర్లతో రిపోర్టులు తెచ్చినారు. మూడిట్లోనూ ఊరి జనాభా ఒకటే. మూడిట్లోనూ ఊరి ముఖ్యవృత్తి ‘చేపల వేట’. రాప్తాడు పక్కన చేపల వేట! ఆ షాపాయన ఏ కోస్తా జిల్లా ఫైలో దించుకొని పేరు మార్చి అమ్మినాడు. ఇంకొకణ్ణి, ‘మీ ఊర్లో చేతిబోరింగులు ఎన్నున్నాయి నాయనా’ అని అడిగితే ముఖం తేలేసినాడు. అదీ వాళ్ల సొంత ఊరే. మార్కులు పోవడం అట్లుండనీ, సొంతూరి సంగతి అడిగితే చెప్పలేక తల దించుకున్న ఆ పిల్లోణ్ణి చూడలేక నేనే కిటికీవైపు తిరిగినా.

180 గంటలు ఎట్లా చెయ్యాల. లెక్క సులభం. ఆరువారాలు, వారానికి ఆరురోజులు, రోజుకు ఐదుగంటలు. ఆ ఐదుగంటలూ ఒకేసారి చెయ్యాలని ఎవరూ చెప్పలేదు. మే నెలలో మనపక్క ఎండ 42, 43 దాటుతుంది. పది గంటలకు ఎవరింటి తలుపైనా తడితే సగంమంది నిద్రలో ఉంటారు, సగంమంది పనుల్లో ఉంటారు. పొద్దున్నే 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 7. ఐదుగంటలు అయిపోయినాయి. నడుమ పొద్దంతా నీదే. చీనీ తోటకు నీళ్లు పెట్టేది రాత్రి కరెంటుకా పగటి కరెంటుకా చూసుకొని నాన్నతో ముందే మాట్లాడుకో. మా స్టూడెంటు ఒకడు రాత్రిపూట మోటారు దగ్గర పడుకొని, తెల్లారి నేరుగా సర్వేకు పోయేవాడు. నిద్రమబ్బుతోనే వచ్చినా, లాగ్‌బుక్కు మాత్రం నీటుగా రాసినాడు.

మార్గదర్శకాలు ఆ ఆరువారాలను ఇట్లా పంచినాయి: ఊరి సర్వేకు ఒకవారం, అవగాహన కార్యక్రమాలకు ఒకవారం, ఊరివాళ్లతో కలిసి చేసే పనికి మూడువారాలు, చివరి రిపోర్టుకు ఒకవారం. పిల్లలు మొదటివారంలోనే చతికిలపడతారు. ఎందుకంటే కాలేజీ ఇచ్చిన ఫారంలో నలభై ప్రశ్నలుంటాయి. ఇంట్లో ఎంతమంది, ఆదాయమెంత, మరుగుదొడ్డి ఉందా, టీవీ ఉందా, ఎకరాలెన్ని...

ఆ ఫారం పట్టుకొని నువ్వు పోయి నిలబడితే ఊర్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఏ పార్టీ తరఫున వచ్చినావబ్బీ?’ రెండోది ‘పింఛను తీసేస్తారా?’ వాళ్లను అనేదానికి లేదు. ఇన్నేళ్లలో ఇంటికొచ్చి రాసుకుపోయినవాళ్లు తక్కువమందా? కళ్యాణదుర్గం పక్క మా పిల్లలు బోర్లు లెక్కపెట్టేదానికి పోతే ఒక రైతు తన తోటలో బోరే లేదన్నాడు. వెనకాల మోటారు గుయ్యిమంటా నీళ్లు పోస్తానే ఉంది! వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడతారన్న భయం అప్పట్లో ఉండింది, వీళ్లు అందుకే వచ్చినారనుకున్నాడు. పిల్లలు నవ్వుకున్నారు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఫారంలో ఆదాయం, ఎకరాలు, ఆధార్ ఏవీ అడగొద్దని రూలు పెట్టినా. అక్కర్లేని ప్రశ్న ఒక్కటి అడిగితే, అక్కరున్న పది ప్రశ్నలకూ అబద్ధమే జవాబుగా వస్తుంది. మొదటిరోజు ఒంటరిగా పోవద్దు. ఊరివాళ్లు ఎప్పుడూ చూసే మనిషిని, ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో, తోడు పిలుచుకొని పో. సచివాలయం వాళ్లతో పోతే మళ్లీ పింఛను ప్రశ్నే.

సబ్జెక్టు విషయానికొస్తే, ‘మా ఊరి సమగ్రాభివృద్ధి’ లాంటివి పెట్టుకోవద్దు. సమగ్రంగా నువ్వూ చెయ్యలేవు, కలెక్టరూ చెయ్యలేడు. వేలు పెట్టి లెక్కించగలిగిన ఒక్కటి చాలు. నీది కెమిస్ట్రీ, మీది నీళ్ల కరువు సీమ. నీళ్లే తీసుకో. మీ ఊర్లో జనం తాగే నీళ్లు ఎక్కడెక్కడినుంచి వస్తాయి? కొళాయి, బోరింగు, ట్యాంకు, వాటర్ ప్లాంటు క్యాను. ఒక్కొక్కదానినుంచి నమూనా తీసి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), ఫ్లోరైడ్ చూడు. తాగునీటికి భారతీయ ప్రమాణంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, గతిలేకపోతే 2000. ఈ నాలుగు అంకెలు కంఠస్థం చేసుకో, వైవాలో పనికొస్తాయి. టీడీఎస్ మీటరు మీ ల్యాబులో ఉంటుంది. ఫ్లోరైడ్‌కు జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఆడవాళ్లకు నేర్పించి ఇచ్చిన పరీక్ష కిట్లు ఉంటాయి. మీ ఊర్లో ఎవరి దగ్గరుందో కనుక్కో, లేకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈని (అసిస్టెంటు ఇంజనీరును) అడుగు. కిట్టు ఫలితం చూసి ‘ఈ నీళ్లు విషం’ అని ఊర్లో చాటింపు వెయ్యొద్దు. అనుమానమొచ్చిన నమూనాను డిపార్ట్‌మెంటు ల్యాబుకు పంపి, కాగితం వచ్చినాకనే నోరు విప్పు. ఒక అమ్మాయి తొందరపడి చెప్పేసరికి ఊర్లోవాళ్లు రెండురోజులు బోరింగు ముట్టలేదు. ల్యాబులో చూస్తే ఏమీ లేదు. ఆ బోరింగు పక్క ఇంటామె ఈ పిల్లను ఎంతకాలం తిట్టిందో!

క్యాను నీళ్లు కూడా కొలువు, మర్చిపోవద్దు. ఉప్పు తీసేసిన నీళ్లు మంచివని జనం దుడ్డుపెట్టి కొంటారు. అందులో ఏముందో, ఏం లేదో చూపించినరోజు ఊరు నీ మాట వింటుంది.

కెమిస్ట్రీ వద్దు, వేరే ఏదైనా అంటే ఒక ఉదాహరణ. గుత్తి పక్క పల్లె, బీకాం అమ్మాయి. ఆమె చేసిందంతా ఒక్కటే: ఊర్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు వాళ్ల అప్పు లెక్క చదవడం నేర్పింది. అసలెంత, వడ్డీ ఎంత, ఇంకెన్ని కంతులు. బ్యాంకునుంచి వచ్చే ఇంగ్లీషు మెసేజీ ఫోన్లో చూపించి, ఏ అంకె దేనిదో చెప్పింది. మూడోవారంలో ఒక సంఘంలో కట్టిన కంతు ఒకటి పుస్తకంలో ఎక్కలేదని ఆ ఆడవాళ్లే పట్టుకున్నారు. ఎవరూ తినలేదు, రాయడం మరిచిపోయినారంతే. అయినా ఆరోజు నుంచి ఆ అమ్మాయిని ‘మా లెక్కల పాప’ అంటారు ఆ ఊర్లో. రిపోర్టు పద్దెనిమిది పేజీలే. మా కమిటీలో అందరికన్నా ఎక్కువ మార్కులు దానికే పడినాయి.

చెడిపోయిన పని కూడా ఒకటి చెప్పాల, అది నాదే. నేను ఎన్ఎస్ఎస్‌లో ఉన్న మొదటి ఏడాది ఎండాకాలం క్యాంపు పెట్టి వంద వేపమొక్కలు నాటించినా. వైశాఖ మాసంలో! అదీ బాటనీ మాస్టారు చేతిమీదుగా. బ్యానరు, ఫోటోలు, పేపర్లో వార్త, అన్నీ అయినాయి. గుంతలు తవ్వతా ఉంటే కట్టమీద కూర్చున్న ముసలాయన ‘చెట్టు నాటేదానికి మీకు వేరే కాలం దొరకలేదా అప్పా’ అన్నాడు. నేను నవ్వేసి, నీళ్లు పోస్తాంలే తాతా అన్నా. ఎవరు పోస్తారు? తాగేదానికే ట్యాంకరు వస్తాంటే. నెల తర్వాత పోయి చూస్తే కంచెముళ్లు మిగిలినాయి, ఆ ముళ్లనూ ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయినారు. కాబట్టి మొక్కలు నాటడం నీ ప్లానులో ఉంటే కొట్టేయ్. కావాలంటే ఇప్పుడు గుంతలు తవ్విపెట్టు, రెండు వానలు పడినాక నాటుకోవచ్చు.

చీనీ తోట మీద ప్రాజెక్టు చెయ్యొచ్చా అని కూడా అడిగినావు. మీ తోట ఒక్కదానిమీద అయితే కుదరదు, అది సొంతపని. మీ ఊర్లో డ్రిప్పు పెట్టిన తోటలన్నీ తిరిగి, ఎన్ని లైన్లలో డ్రిప్పర్లు ఉప్పుపట్టి మూసుకుపోయినాయో లెక్కేసి, యాసిడ్ ట్రీట్‌మెంటు ఎట్లా చెయ్యాలో ఉద్యాన శాఖవాళ్లను పిలిపించి చూపిస్తే కుదురుతుంది. నీళ్లలో ఉప్పు, డ్రిప్పరు మూసుకుపోవడం రెండూ కెమిస్ట్రీయే కాబట్టి పైన చెప్పిన నీళ్ల పనికి ఇది తోకగా పెట్టుకో. యాసిడ్ మాత్రం నువ్వు చేత్తో ముట్టొద్దు. ల్యాబులో పోసినంత సులభం కాదు తోటలో.

లాగ్‌బుక్కు ఏరోజుది ఆరోజే రాయాల. చివర్లో కూర్చొని ఒకే పెన్నుతో, ఒకే వంపులో ముప్పైఆరు రోజులు రాస్తే చూసిన వెంటనే తెలిసిపోతుంది. ఏ ఇంటికి పోయినావు, ఏమడిగినావు, వాళ్లేమన్నారు, రెండుమూడు వాక్యాలు చాలు. తలుపు తియ్యకపోతే తియ్యలేదని రాయి. అట్లాంటి రోజులు లేని లాగ్‌బుక్కును నేనైతే నమ్మను. వారానికొకసారి మెంటరుతో సంతకం చేయించుకో. ఎండలకు ఆయన ఊరు పోయుంటే పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, తేదీ ఉంటుంది. కాలేజీకి ఇచ్చేముందు మొత్తం జిరాక్సు తీసిపెట్టుకో. జిరాక్సు షాపుకు పోవాల్సింది దీనికి!

నువ్వు అబ్బాయివో అమ్మాయివో రాయలేదు. అమ్మాయివైతే ఇద్దరుగా పోండి, సాయంత్రం సర్వే దీపాలు పెట్టేలోపల ముగించండి. ఎవరైనాసరే నెత్తిన తువ్వాలో చున్నీయో లేకుండా బయటికి పోవద్దు. సీసాలో ఉత్త నీళ్లు కాకుండా ఉప్పేసిన మజ్జిగ పెట్టుకో. తల తిరిగి, చెమట పట్టడం ఆగిపోయిందంటే అది ఎండదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లు తడిపి 108కి ఫోన్ చెయ్యాల, ప్రాజెక్టు రేపు చూసుకోవచ్చు.

నీ పాఠ్యక్రమంలో ఈమధ్య ఏమైనా మారిందేమో మెంటరును ఒకమాట అడుగు. సబ్జెక్టు పేరు కూడా ఆయనతో ముందే ఒప్పించుకో, మూడువారాలు పనిచేసినాక ‘ఇది కాదు’ అంటే తలనొప్పి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. రేపు పొద్దున్నే తోటకు పోయేముందు మీ ఊరంతా ఒకచుట్టు తిరిగి బోరింగులు ఎన్ని, అందులో నీళ్లు వచ్చేవి ఎన్ని, వీధి కొళాయిలు ఎన్ని, వాటర్ ప్లాంట్లు ఎన్ని లెక్కపెట్టుకొని రా. ఆ లెక్క కింద రాస్తే ఎన్ని నమూనాలు తియ్యాలో, ఏవి రెండుసార్లు తియ్యాలో నేను చెప్తా.